వెచ్చగా ఉంచిన చెయ్యి

212

ఆసుపత్రి పడవలో పనిచేసే సర్జన్లందరూ దినచర్య రాయాలని రూలు. ఏడాదిలో ఎన్నో రోజో అంకె వేసి రోజూ రాయాలట. నేను బుద్ధి పుట్టినప్పుడు రాస్తాను. ఎవరూ చదవరు కాబట్టి నాకీ పనంటే ఇష్టం.

పొద్దున్నే నేనూ మా ఆయన ధర్మారావూ మా పడవ ఇంటి అడుగున పట్టిన గుల్లలు గీకాం. కొన్నాళ్ళు బద్ధకించామంటే ఇల్లు ఒక పక్కకి ఒరిగి, పొయ్యి మీది పప్పు గిన్నె జారిపోతుంది. ఆయన నీళ్ళలో దిగుతాడు, నేను పైన తాడు పట్టుకుంటాను. సర్జన్ చేతులు గుల్లలు గీకకూడదని ఆయన పట్టుదల. "మా ఆవిడ చేతులు నీటిపేట మొత్తానికి ఉమ్మడి ఆస్తండి" అని పక్కింటి పడవవాళ్ళకి చెప్పుకుంటాడు. ఒడ్డు మునిగాక తేలుతూ బతకడం నేర్చుకున్న ఊరు మాది. ఇక్కడ గొప్పలు చెప్పుకోవడానికి పొలాలూ మేడలూ లేవు. పాపం పెళ్ళాం చేతులే దొరికాయి ఆయనకి.

ఈవేళ రెండు ఆపరేషన్లు, రెండూ సాఫీగా జరిగాయి. బల్ల ఎత్తు మగవాళ్ళకి సరిపోయేలా కట్టారు, అందుకని నేను పీట వేసుకుని నిలబడతాను. తొడుగులు వేసుకోగానే బల్లకున్న ఇనుప చేతులు నా చేతుల్లాగే కదులుతాయి. ఇన్నేళ్ళుగా నేను కోసిన ప్రతి కోతా, వేసిన ప్రతి ముడీ వాటికి గుర్తే. నా వేలు ఎటు పోబోతోందో పసిగట్టి, తడబడితే సర్దుతాయి. ఆ గుర్తునే మేం 'చెయ్యి' అంటాం. ఎవరి చెయ్యి వాళ్ళది. తొడుగులు కూడా గోడకి పేరుపేరునా వేలాడుతుంటాయి.

మధ్యాహ్నం మా పెద్ద డాక్టరు సత్తిరాజు గారు గదికి పిలిచి కబురు చెప్పారు. కొత్తగా కడుతున్న ఆసుపత్రి పడవల్లో పిల్ల డాక్టర్లు నేర్చుకోవడానికి మాతృకగా నా చేతిని పంపిస్తారట. ఇప్పటిదాకా అన్ని పడవల్లోనూ మాతృకలు మగవాళ్ళ చేతులే. "మీ పేరే రాశానండి నూకరత్నం గారూ" అన్నారాయన. నేను హుందాగా థాంక్స్ చెప్పి, బయటికొచ్చి, మందుల గది వెనక నిలబడి చిన్నపిల్లలా గెంతాను. ఇంటికెళ్ళి ధర్మారావుకి చెప్పాను. సాయంత్రానికి నీటిపేటంతా తెలిసిపోయింది.

215

షమీమ్‌ని చూడ్డానికి వెళ్ళాను. షమీమ్ నా దగ్గర నేర్చుకున్న సర్జన్. ఈ పడవలో నేను కాక బల్ల ముందు నిలబడే ఆడమనిషి ఆమె ఒక్కతే. కొడుకు నెలలు నిండకుండా పుట్టాడు. అరచేతిలో పట్టేంత ఉన్నాడు. తల్లి గుండెల మీద పడుకోబెట్టుకుంటేనే బరువు పెరుగుతున్నాడు, దించితే తగ్గుతున్నాడు. అందుకని షమీమ్ మంచం దిగడం లేదు. ఆమె భర్త ఖలీల్ నాచు తోటల పని మానుకుని వంటా గిన్నెలూ చూసుకుంటున్నాడు. టీ పెట్టి ఇచ్చాడు, ఉప్పగా ఉంది. తాగాను.

"అక్కా, నా చెయ్యి చల్లారిపోతుంది కదా" అంది షమీమ్, పిల్లాడి వీపు నిమురుతూనే.

మూడు నెలలు ఎవరూ వాడకపోతే బల్ల ఆ చేతిని చెరిపేస్తుంది. పని మానేసిన చెయ్యి మొద్దుబారుతుంది, రోగికి ప్రమాదం అని బల్ల తయారుచేసినవాళ్ళు పెట్టిన కట్టుబాటది. తప్పని అనలేను. కాకపోతే దాన్ని పెట్టినవాళ్ళలో ఎవరూ బిడ్డని కని ఉండరు. చెయ్యి చల్లారిందంటే మళ్ళీ మొదట్నించి, నాలుగేళ్ళు ఒకరి పక్కన నిలబడి దారం అందించాలి. మా మందుల గదిలో లలితాంబ గారని ఒకావిడ ఉన్నారు. ఒకప్పుడు ఆవిడా సర్జనే. కవలలు పుట్టారు, చెయ్యి చల్లారింది. నాలుగేళ్ళు దారం అందించే ఓపిక లేక మందుల గది తీసుకున్నారు. ఇప్పుడు నెత్తురద్దే గాజుగుడ్డ అడిగితే లెక్కపెట్టి ఇస్తారు, ఇచ్చేటప్పుడు మన మొహం చూడరు.

"సెలవు పొడిగించమని అడిగాను. మనుషులకైతే పొడిగిస్తారంట, చేతులకి కుదరదంట" అంది షమీమ్. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

నేను ఏమీ ఆలోచించకుండా "నువ్వేం బెంగ పెట్టుకోకు, నే చూసుకుంటాను" అనేశాను. నా నోరు ఎప్పుడూ నాకంటే ముందు నడుస్తుంది.

216

చూసుకున్నాను.

ఈవేళ హెర్నియా ఆపరేషన్‌కి షమీమ్ తొడుగులు తీసి వేసుకున్నాను. బల్లకి మనిషితో పని లేదు. తొడుగు ఎవరిదైతే చెయ్యి వాళ్ళది. మత్తు ఇచ్చే సువార్తమ్మ గారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

"అయ్యి మీ తొడుగులు కాదు కదండీ?"

"కాదండి."

"తెలిసే ఏసుకున్నారా?"

"ఆయ్."

ఆవిడ గోడకేసి చూసి, "నాకు కళ్ళజోడు మార్చాలనుకుంటానండి. ఈ మధ్య ఏదీ సరిగ్గా ఆనడం లేదు" అని రోగి వైపు తిరిగిపోయారు.

షమీమ్ చేతిలో పనిచెయ్యడం వేరేవాళ్ళ చెప్పులు వేసుకుని నడిచినట్టుంది. ప్రతి కోతకీ ముందు ఆగుతుంది. నేను చకచకా పోయే మనిషిని. అది "ఆగవమ్మా, చూసుకో" అన్నట్టు వేలు పట్టుకుంటుంది. నేను నేర్పిన పిల్ల దగ్గర ఈ నెమ్మది ఎక్కణ్ణుంచి వచ్చిందా అనిపించింది. ఏమైతేనేం, చెయ్యి వెచ్చబడింది. రోగి సాయంత్రానికి గంజి తాగాడు.

ఇకనుంచి తేలికపాటి ఆపరేషన్లన్నీ ఆ చేతితో, పెద్దవి నా చేతితో. షమీమ్‌కి ఇప్పుడే చెప్పను. వచ్చాక తన చెయ్యి తనకోసం ఎదురుచూస్తూ ఉండటం చూసి ఆశ్చర్యపోవాలి. ఆ మొహం చూడాలని నా సరదా.

229

పచ్చళ్ళ రోజులు. ధర్మారావు నాచు ఆవకాయ పెడుతున్నాడు, పడవంతా ఆవపిండి ఘాటు. రుచి ఎలా ఉన్నా మెచ్చుకోవాలి. నిజంగానే బాగుంది, చెప్తే నమ్మడం లేదు.

షమీమ్ చెయ్యి ఇప్పుడు నాకు బాగా అలవాటైపోయింది. మొదట్లో ఉన్న మొరాయింపు లేదు. ఆగడం మానేసింది. నేను ఎటంటే అటే వస్తోంది. ఈ వయసులో కూడా కొత్త చెయ్యి ఇంత తొందరగా పట్టుబడిందంటే నాలో పస ఇంకా తగ్గలేదన్నమాట. సువార్తమ్మ గారితో ఆ మాటే అన్నాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకున్నారు.

పిల్లాడు బరువు పెరిగాడట. రెహాన్ అని పేరు పెట్టారు. ఖలీల్ టీలో ఉప్పు తగ్గించాడు.

240

ఈవేళ రాయాలని లేదు. అయినా రాస్తాను.

షమీమ్ వచ్చింది. పిల్లాడు ఇప్పుడు తండ్రి గుండెల మీద కూడా పడుకుంటున్నాడు. మూడు నెలలు దాటి రెండు రోజులైంది, చల్లారిపోయే ఉంటుందనుకుంటూ దిగులుగా తొడుగులు తీసింది. చెయ్యి ఇంకా ఉందని చెప్పే దీపం వాటిలో వెలిగింది. నేనూ సువార్తమ్మ గారూ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాం. నేను ఆపుకోలేక "వెచ్చగానే ఉంది, చూడు! నేనే వాడుతూ ఉన్నాను!" అని అరిచాను.

సాధన కోసం పెట్టిన రబ్బరు పొట్ట మీద కుట్టు మొదలుపెట్టింది. రెండో కుట్టుకే ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఇనుప చేతులు ఆమె వేళ్ళని లాక్కుపోతున్నాయి. ఆమె ఆగి చూడాలనుకున్నచోట అవి ఆగడం లేదు. ఆమె ముడి ఇటు తిప్పితే అవి అటు తిప్పుతున్నాయి, నేను తిప్పేవైపు.

"అక్కా, ఇది నన్ను తోసేస్తోంది."

నాకు అప్పుడు అర్థమైంది. నేను కొత్త చెయ్యి నేర్చుకున్నానని మురిసిపోయాను. నేర్చుకున్నది నేను కాదు, ఆ చెయ్యి. వాడిన కొద్దీ నన్ను నేర్చుకుని షమీమ్‌ని మర్చిపోతూ వచ్చింది. చెయ్యి వాడినవాళ్ళని గుర్తుపెట్టుకుంటుందని మొదటి ఏడాది పిల్లలకి పాఠం చెప్పే మనిషినే నేను.

షమీమ్ తొడుగులు విప్పి జాగ్రత్తగా తగిలించింది. అరిస్తే బాగుండేది. నెమ్మదిగానే మాట్లాడింది.

"నన్నడక్కుండా ఎందుకు చేశావక్కా? నాలుగేళ్ళు దారం అందించమన్నా అందించేదాన్ని. చల్లారితే నా చెయ్యి నా చెయ్యిలా చల్లారేది. ఇప్పుడు అది ఉంది, నేనే లేను అందులో."

నేను క్షమించమన్నాను. ఆమె వినిపించుకోకుండా వెళ్ళిపోయింది. సువార్తమ్మ గారు నా భుజం మీద చెయ్యేసి, "కళ్ళజోడు మార్చాల్సింది నేనే కాదండి" అన్నారు. ఆవిడ మాట కుచ్చుకుంది. కుచ్చుకోవాలి కూడా.

241

దాచడం ఇంక కుదరదు. తన చేతికి పట్టు లేదని తెలిసి షమీమ్ రోగిని ముట్టుకోదు. పొద్దున్నే ఇద్దరం సత్తిరాజు గారి గదికి వెళ్ళి జరిగిందంతా చెప్పాం. ఆయన కిటికీలోని కరివేపాకు మొక్కకి నీళ్ళు పోస్తూ విన్నారు. పోస్తూనే ఉండటంతో కుండీ నిండి నీళ్ళు బల్ల మీదికి కారాయి.

"చెరిపెయ్యాలండి" అన్నారు చివరికి. "ఇది షమీమ్ గారిది కాదు, మీదీ కాదు. ఎవరి చెయ్యని రాసుకోను నేను? షమీమ్ గారు మళ్ళీ మొదట్నించి మొదలెట్టుకోవాల. నూకరత్నం గారూ, మిమ్మల్నేం చెయ్యాలో తరవాత ఆలోచిత్తాను."

నేను నోరు తెరిచేలోపు షమీమ్ అందుకుంది.

"చెరపకండి సార్. రాత్రి పిల్లాడికి పాలిస్తూ బాగా ఆలోచించాను. మళ్ళీ నాలుగేళ్ళు నేర్చుకున్నాననుకోండి. వీడికి జబ్బు చేస్తే? మా అమ్మ మంచాన పడితే? ఇంకోసారి చల్లారుతుంది. లలితాంబ గారిలాగా ఎక్కడో కూచుంటాను. అదే ఒకే చేతిలో ఇద్దరం పనిచేస్తే, నేను రాలేనప్పుడు అక్క ఉంటుంది, అక్క రాలేనప్పుడు నేనుంటాను. అది చల్లారదు. చెయ్యి ఒక్కరిదే అయ్యుండాలని రూలు ఎక్కడుందో చూపించండి."

సత్తిరాజు గారు చాలాసేపు వెతికారు. రూలు లేదు. అలాంటి ఆలోచన ఎవరికీ వచ్చి ఉండదు కాబట్టి వద్దని కూడా ఎవరూ రాయలేదు.

"ఇద్దరి మధ్యా పడి రోగి నలిగిపోతే?" అన్నారాయన.

"బాగా కలిసేదాకా రబ్బరు పొట్ట మీదే చేస్తాం సార్. మీరు చూసి సరేనన్నాకే మనిషి."

ఆయన నా వైపు తిరిగారు. సత్తిరాజు గారు చెడ్డమనిషి కాదు, అడిగింది న్యాయంగానే అడిగారు.

"మీ చెయ్యి గోడకి భద్రంగా తగిలించుకుని దీంతో ప్రయోగాలు చేత్తానంటే నేనొప్పుకోనండి. దీని మీద అంత నమ్మకముంటే మీరూ పూర్తిగా ఇందులోకే రండి. అప్పుడే నేను సంతకం పెడతాను. రేపు చెప్పండి."

నేను నా తొడుగులు ముట్టుకోకపోతే మూడు నెలలకి నా చెయ్యి చల్లారుతుంది. మాతృక పంపేది ఆరు నెలల తరవాత.

242

నిన్న సాయంత్రం ధర్మారావుకి చెప్పాను. ఊరంతా చెప్పుకున్నవాడు కదా, మొహం చిన్నబోయింది. అయినా, "ఇంతకీ నీకేవనుందే?" అన్నాడు.

ఏడుపొచ్చింది. ఏడ్చాను. నా చెయ్యంటే నాకు గర్వం. పీట మీద నిలబడి ఒక్కో ముడీ వేసి పోగేసుకున్నదది. వేరే పడవల్లో ఎక్కడెక్కడో పిల్లలు నా చేతిలో చెయ్యి పెట్టి నేర్చుకుంటారని తలుచుకుంటే ఒళ్ళు పులకరించేది. అది ఉత్త మాటగా మిగిలిపోతుందంటే కష్టంగానే ఉంది. షమీమ్ చెయ్యి పాడుచేసింది నేను కాబట్టి ఇది శిక్షలా ఒప్పుకోవాలా అంటే, అలా ఒప్పుకోవడం నాకిష్టం లేదు. శిక్షగా చేరినవాళ్ళు ఆ చేతిలో మనసు పెట్టి పనిచెయ్యరు.

పొద్దున లేచేసరికి తేలికపడింది. షమీమ్ అన్నమాటే సరైనదనిపించింది. మాతృకగా నా చెయ్యి వెళ్తే ఆ పిల్లల్లో ఆడపిల్లలు నాలాగే ముడెయ్యడం నేర్చుకుంటారు, తరవాత బిడ్డని కని లలితాంబ గారిలా మందుల గదిలో కూచుంటారు. అది నేర్పి ఏం లాభం?

సత్తిరాజు గారికి సరేనన్నాను. ఆయన సంతకం పెట్టి, "మీ చెయ్యి చాలా మంచి చెయ్యండి" అన్నారు, ఎవరో పోయినప్పుడు పరామర్శించే గొంతుతో. నవ్వొచ్చింది.

251

రోజూ సాయంత్రం నేనూ షమీమ్ రబ్బరు పొట్ట ముందు కూచుంటున్నాం. ఒక కుట్టు ఆమె, ఒక కుట్టు నేను. మొదటి వారం మాటలు లేవు. రెండో వారం నా తొందర మీద ఆమె విసుక్కుంది. ఆమె నిదానం మీద నేను విసుక్కున్నాను. విసుక్కోవడం మొదలైందంటే కోపం తగ్గినట్టే. నిన్న రెహాన్ బొడ్డు గురించి అరగంట చెప్పింది. చెయ్యి ఇప్పుడు ఇద్దరినీ తొయ్యడం లేదు.

ఈవేళ గాజుగుడ్డ కోసం మందుల గదికి వెళ్ళాను. లలితాంబ గారు లెక్కపెట్టడం ఆపి, మొట్టమొదటిసారి నా మొహంలోకి చూశారు.

"ఉమ్మడి చెయ్యంటున్నారంట. ఉమ్మడంటే ఎంతమందండి?"

"ఇప్పటికి ఇద్దరవండి."

"ఇప్పటికి కదా." ఆవిడ తాళాల గుత్తి బల్ల మీద పెట్టి కొంగు దోపుకున్నారు. "కవలలిద్దరూ పెద్ద చదువులకి పోయారు. నాకు సాయంత్రాలు ఖాళీయేనండి."

ఆవిడ మొదటి కుట్టు వంకరపోయింది. రెండోది నాకంటే బాగుంది. షమీమ్ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, కొంచెం అసూయగా.

263

షమీమ్ ఈ చేతితో మనుషుల మీద చిన్నవి చాలానే చేసింది, సత్తిరాజు గారు పక్కనుండి చూశారు. పెద్దది ఇంకా ఇవ్వలేదు. ఈవేళ ఇవ్వక తప్పలేదు.

పదింటికి ఒక కుర్రాణ్ణి మోసుకొచ్చారు. వీరవెంకట్ అని, నాచు పడవల్లో పని. రెండు పడవలు ఆనుకున్నప్పుడు మధ్యలో పడి నలిగాడు. ప్లీహం చిట్లి కడుపులో నెత్తురు నిండిపోతోంది. నేను అప్పటికే రెండో బల్ల మీద, ఇనుప చేతుల సాయం లేకుండా, ఒకావిడ పొట్ట మూసే పనిలో ఉన్నాను. సత్తిరాజు గారు పక్క ఊరి మీటింగుకని బయల్దేరి దారిలో ఉన్నారు. షమీమ్ ఒక్కతే ఉంది.

"మొదలెట్టు, వస్తున్నా" అన్నాను.

నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి పొట్ట తెరిచి ఉంది. నెత్తురు తప్ప ఏమీ కనబడటం లేదు. ఇనుప చేతులు ముందుకు దూకబోయాయి. ఆ దూకుడు నాది, నాకు తెలుసు. నేనైతే ఆ నెత్తుట్లోకే చెయ్యి పెట్టి, తగిలినదాన్ని తగిలినట్టు పట్టకారుతో బిగించేసేదాన్ని. షమీమ్ చెయ్యి నిలిపేసింది.

"ఆపు" అంది. ఎవరితో అందో తెలియదు.

గాజుగుడ్డలు కుక్కింది. ఒత్తి పట్టుకుంది. సువార్తమ్మ గారు "నాడి పడిపోతోందమ్మా" అన్నారు. నా వేళ్ళు జివ్వుమన్నాయి. "నే చెయ్యనా" అనే మాట నోటి చివరిదాకా వచ్చింది. ఆమె అడగలేదు. నేను పళ్ళు బిగించి ఊరుకున్నాను. నా జన్మలో అంతసేపు ఊరుకున్నది అదే.

"ఇప్పుడు" అంది షమీమ్.

గుడ్డలు ఒక్కొక్కటే తీసింది. నెత్తురు కారుతున్న చోటు కనబడింది. నేను బిగిద్దామనుకున్న చోట క్లోమం కొస ఆనుకుని ఉంది. బిగించి ఉంటే దాన్ని చిదిమేసేదాన్ని. షమీమ్ దాన్ని పక్కకి జరిపి, రక్తనాళం పట్టుకుని, ముడి వేసింది. చూసినంతసేపు ఆగిన చెయ్యి ముడి మాత్రం చకచకా వేసేసింది. నెత్తురు ఆగింది. సువార్తమ్మ గారు "నిలబడ్డాడు" అన్నారు.

బయటికొచ్చాం. కబురంది దారిలోంచే వెనక్కి తిరిగి, అప్పుడే పడవ దిగి పరిగెత్తుకొచ్చిన సత్తిరాజు గారు తలుపు దగ్గర ఉన్నారు. కుర్రాడి తల్లి కింద కూలబడి ఉన్నదల్లా లేచి, తిన్నగా వెళ్ళి ఆయన చేతులు రెండూ పట్టేసుకుంది.

"బాబూ, నా బిడ్డని బతికించేరా? దండాలు బాబూ, మీ చేతులకి దండాలు!"

"నేను కాదమ్మా, నేనిప్పుడే వచ్చాను" అన్నారాయన కంగారుగా.

ఆవిడ తెల్లబోయి మా అందరి మొహాలూ చూసింది. సువార్తమ్మ గారిని చూసింది. నన్ను చూసి ఒక అడుగు నా వైపు వేసింది. షమీమ్ అందరికంటే వెనక ఉంది. పాల వేళ దాటిపోయి రవిక తడిసి, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"మరెవరు కోసేరండి?"

మామూలుగా అయితే షమీమ్ తల దించుకుని "అందరం కలిసే చేశావండి" అంటుంది. నేర్చుకునే రోజుల్నించీ అంతే. ఈ ఉమ్మడి చెయ్యి వచ్చాక అది మరీ తేలిక. నేను ఆమె తరఫున చెప్పబోయాను.

షమీమ్ ముందుకొచ్చింది.

"నేనండి. నేనే చేశాను. మీవాడికి గండం గడిచింది. రెండు రోజులు నొప్పి ఎక్కువుంటది, భయపడకండి. నీళ్ళు మాత్రం నేను చెప్పేదాకా ఇవ్వకండి."

ఆ తల్లి సత్తిరాజు గారి చేతులు వదిలేసి షమీమ్ చేతులు పట్టుకుంది. కళ్ళకద్దుకుంది, తల మీద పెట్టుకుంది, వదల్లేదు. షమీమ్ కూడా లాక్కోలేదు.

అందులో ఆ ముడి నాదని అరవాలనిపించింది. నిజంగానే అనిపించింది, దాచడమెందుకు. అరవలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని వెనక్కి జరిగాను, ఆ తల్లికి చోటు చాలడం లేదని. ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్ళైందో.